సామర్థ్యం సగం దాటింది.. సాయంత్రం సంగతేంటి?

కరెంటు తయారీలో కాలుష్యం తగ్గాలి. అదే సమయంలో రాత్రి ఏడింటికి స్విచ్‌ వేస్తే లైటు వెలగాలి. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనా? గ్రూప్స్‌, సివిల్స్‌ మెయిన్స్‌ రాసేవారూ, విద్యుత్‌ సంస్థల ఇంటర్వ్యూలకు వెళ్లేవారూ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు

2030 నాటికి స్థాపిత విద్యుత్‌ సామర్థ్యంలో 50 శాతం శిలాజేతర వనరులదే కావాలన్నది మన లక్ష్యం. 2025లోనే దాన్ని అందుకున్నాం. అలాగని ‘సగం కరెంటు స్వచ్ఛమైనదే’ అని రాశారో, మార్కులు పోయినట్లే! ఉత్పత్తయ్యే యూనిట్లలో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గువే. సౌర ఫలకాలు మధ్యాహ్నం దండిగా ఇస్తాయి, పొద్దువాలితే ఆగిపోతాయి. ఇళ్లలో వాడకం పెరిగేది సరిగ్గా అప్పుడే.

50 హెర్ట్జ్‌ లెక్క

గ్రిడ్‌లో ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సమానంగా ఉండాలి. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌ నుంచి జారుతుంది. 2012 జులై 31న లైన్లపై భారం పెరిగి గ్రిడ్‌ కుప్పకూలితే 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు. దక్షిణాది గ్రిడ్‌ అప్పటికి వాటితో ఒకే ఫ్రీక్వెన్సీపై (సింక్రనస్‌గా) అనుసంధానం కాలేదు కాబట్టి మనం బయటపడ్డాం. 2013 డిసెంబరు 31 నుంచి దేశమంతా ఒకటే గ్రిడ్‌. మిగులు కరెంటును పంచుకోవచ్చు, ముప్పునూ పంచుకోవాలి.

దారులేంటి?

* నిల్వ: మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయడమే పంప్డ్‌ స్టోరేజీ. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం (900 మెగావాట్లు), నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు (1680 మెగావాట్లు) మంచి ఉదాహరణలు. తోడటానికి వాడిన కరెంటులో కొంత తిరిగి రాదు.
* బొగ్గు కేంద్రాలు: లోడును 55 నుంచి 40 శాతానికి తగ్గించగలిగేలా మార్చాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. అయితే తక్కువ లోడులో సామర్థ్యం పడిపోయి, యూనిట్‌కు బొగ్గు ఎక్కువ కాలుతుంది.
* వాడకం: వ్యవసాయ మోటార్లకు పగలే సరఫరా ఇస్తే సౌర విద్యుత్‌ అక్కడికక్కడే ఖర్చవుతుంది.

కాబట్టి బొగ్గును రేపే మూసేయాలా, ఎప్పటికీ నడపాలా అన్న చర్చతో లాభం లేదు. నిల్వ పెరిగేకొద్దీ సాయంత్రం బొగ్గు మండించే గంటలు తగ్గించుకుంటూ పోవాలి. జవాబులో మీ ముగింపు ఇదే కావాలి.

ఉద్యోగాల కోణంలో చూస్తే గ్రిడ్‌ నిర్వహణకు ఎలక్ట్రికల్‌, పంప్డ్‌ స్టోరేజీకి సివిల్‌, మెకానికల్‌, డిమాండ్‌ అంచనాకు డేటా నైపుణ్యాలు అవసరం. మీ బ్రాంచి ఏదైనా, ‘సాయంత్రం సమస్య’కు మీరేం చేయగలరో రెండు వాక్యాల్లో చెప్పడం ఇప్పుడే సాధన చేయండి.