కంట్లో వేసినదంతా కంటిలోనికి పోదు

"అయ్యా, కంటికి ఏ రసం పిండమంటారు?" అని అడిగేవారు నేటికీ నా వద్దకు వస్తూనే ఉన్నారు. తేనె, చనుబాలు, నందివర్ధనం పూలరసం అంటూ పేర్లు వారే చెప్పి, నా అనుమతి మాత్రం కోరుతారు. అరువది దాటిన ఈ వయస్సులో నా అభిప్రాయాన్ని నిస్సంకోచంగా మనవి చేయదలచాను.

గురుకులంలో సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం అభ్యసించాను. 76 నేత్రరోగాలను వివరించిన ఆ గ్రంథం సేకం, ఆశ్చ్యోతనం, అంజనం, తర్పణం, పుటపాకం అని ఔషధ ప్రయోగాన్ని విభజించింది. తర్పణంలో కంటి చుట్టూ మినపపిండితో గట్టు కట్టి నేతిని నిలుపుతారు. మందు ఏది అన్నదే కాక, అది ఎంతసేపు నిలవాలన్నదీ పూర్వులు యోచించారు.

నేటి విజ్ఞానం ఇంకా లోతుకు పోయింది. సీసా నుండి జారే చుక్క సుమారు 30 నుండి 50 మైక్రోలీటర్లు. రెప్పల నడుమ అంత చోటు లేదు. మిగిలినది చెక్కిలి మీదికీ, ముక్కులోనికీ జారుతుంది. గొంతులో చేదు తగలడం అందువల్లనే. కంటిలోనికి చేరేది సాధారణంగా నూటికి 5 వంతుల లోపే. కార్నియా పై పొర కొవ్వులో కరిగే మందుకు దారి ఇస్తే, నడిమి పొర నీటిలో కరిగే మందుకు ఇస్తుంది. ఆపైన కణత్వచాలలో ద్వారపాలకుల వంటి వాహక ప్రోటీన్లు ఉన్నాయి. కొన్ని అమైనో ఆమ్లాలను, విటమిన్ సి ని లోనికి మోస్తాయి. 1976లో గుర్తించిన పి-గ్లైకోప్రోటీన్ అనేక ఔషధాలను వెలుపలికి నెట్టివేస్తుంది. ఎసైక్లోవిర్‌కు వాలైన్ అనే అమైనో ఆమ్లాన్ని జోడించి చేసిన వాలసైక్లోవిర్‌ను పేగులోని వాహకాలు ఆహారమని భ్రమించి లోనికి తీసుకుంటాయి. ఇదే యుక్తిని కంటి మందులకు అన్వయించే పరిశోధనలు జరిగాయి.

మన శాస్త్రం తేనెను యోగవాహి అన్నది. ఆ మాట పట్టుకొని ఇదంతా మనవారికి ముందే తెలుసుననే వారితో నేను ఏకీభవించను. పోలిక వేరు, నిరూపణ వేరు. నేయి కొవ్వు కనుక మందును లోనికి చేరుస్తుందనడం ఊహ మాత్రమే. కొలిచి చూపినప్పుడే అది శాస్త్రం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. నా యౌవనంలో, నూర్పిళ్ల కాలంలో, కంట్లో వడ్లపొల్లు తగిలిన ఒక కూలీ వచ్చాడు. మూడు దినాలు కషాయంతో కడగమన్నాను. ఈలోగా బూజు పుండు లోనికి పాకింది. పెద్దాసుపత్రికి పంపేసరికి నల్లగుడ్డు తెల్లబారింది. ఆ చూపు తిరిగి రాలేదు. ఆ దోషం నాది. అటువంటి పుండు లోతుకు పోతే నాటమైసిన్ మందే చొరబడలేదు; పెరటి ఆకురసం ఏపాటిది? ఆ రసంలోని క్రిములు మాత్రం దెబ్బతిన్న కంట సులువుగా చొరబడతాయి.

కాబట్టి పాఠకులకు నా విన్నపం. వైద్యుడు వ్రాసిన మందు ఒక్క చుక్క చాలు. వేసిన పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచండి. రెండవ మందుకు అయిదు నిమిషాలు ఆగండి. నీటికాసులకు వాడే చుక్కలను, నావంటి వైద్యుడు మానమన్నా, నేత్రవైద్యుని అడగక మానకండి. కంటికి దెబ్బ తగిలినా, ఎరుపూ నొప్పీ కలిగి చూపు మసకబారినా, ఆ దినమే నేత్రవైద్యుని దర్శించండి. మా వైద్యశాలకు ఆ తరువాత రావచ్చును.