పిడికెడు బియ్యం ముష్టి కాదు!



ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో మన ఆడోళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. ఆదివారం గుడికి తెచ్చి కుమ్మరిస్తారు. ఇందుకు జీతం తీసుకునేవాళ్లు లేరు. మొగుడు పోయిన ఆడమనిషికి, మంచాన పడ్డ ముసలాయనకి, పని దొరకని ఇంటికి ఆ బియ్యం పోవాల.

దీన్ని చూసి పెత్తందార్లు ఏమంటుండారు? "బియ్యానికి మతం మారినోళ్లు" అంటుండారు. నూటయాభై ఏళ్లుగా ఇదే పాట!

1876-78 ధాత కరువు సంగతి చూడండి. ఒంగోలు అప్పుడు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మన మాల మాదిగలు మట్టి తవ్వి కూలి తిన్నారు, ముష్టి తినలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర 2,222 మంది గుండ్లకమ్మలో దిగేనాటికి కరువు సాయం ముగిసింది. బియ్యం అయిపోయాక వచ్చినోళ్లు బియ్యం కోసం వచ్చినోళ్లు ఎట్టా అవుతారు?

పోనీ, ఇయ్యాల్టి లెక్క చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రీస్తును నమ్మిన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. మనకి తీయలేదు. బీసీ-సీ అని 1 శాతం విదిలించారు. మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. పెత్తందారు కొట్టేటప్పుడు కులం చూస్తాడు, కోర్టు మతం చూస్తది! పిడికెడు బియ్యానికి ఇంత పోగొట్టుకునేవాడు యాడన్నా ఉంటాడా?

అయితే బయటోళ్లనే తిట్టి ఊరుకుంటే మన తప్పు మరుగున పడిపోద్ది. కుండ కాడ కొందరు పెద్దలు "నువ్వు మన గుడికి వస్తుండావా?" అని అడిగి మరీ కొలుస్తుండారు. మాల గుడి బియ్యం మాదిగకి పోదు, మాదిగ గుడి బియ్యం మాలకి పోదు. రెండూ యానాది గుడిసె దాకా పోవు. ఊరోళ్లు మనల్ని బావి కాడ నిలబెట్టినట్టే మనం ఇంకొకర్ని కుండ కాడ నిలబెడదామా? ఇంకొందరు ముసలమ్మ చేతికి సంచి ఇచ్చి, ఫొటో తీసి, ఫోన్లలో తిప్పుతుండారు. ఆమె ఆకలి మీ గొప్పకి బ్యానరా?

ఇంకో మోసం ఉంది. "గుడి పెడతాదిలే" అని సర్కారు తప్పించుకుంటది. 2013 ఆహార భద్రత చట్టం కింద కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకి 5 కిలోలు హక్కు. వేలిముద్ర పడలేదని తిప్పి పంపితే ఆ పూటకి కుండ ఆదుకోవాల, మర్నాడు అందరం కలిసి తాసిల్దారు ఆఫీసు ముందు కూర్చోవాల. గుడి పెట్టేది హక్కుకి బదులు కాదు.

కుండకి ఉన్న అసలు బలం వేరు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని నరికితే, బతికినోళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991లో చుండూరు బాధితులకి తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణే నీడ అయింది. పెత్తందారు పనికి పిలవడం మానేసిన రోజున పొయ్యి వెలగకపోతే వాడి కాళ్ల మీద పడాల్సిందే. కుండ నిండుగా ఉంటే పది రోజులు తలెత్తి నిలబడొచ్చు. అందుకే అది దానం కాదు, పోరాట నిధి.

కాబట్టి కులం అడగొద్దు, గుడి అడగొద్దు, ఆకలి ఒక్కటే అడగండి. ఫొటోలు ఆపండి. లెక్క ఆడోళ్ల చేతుల్లో పెట్టి, నెలకోసారి అందరి ముందూ చదివించండి. 1992లో సారా మీద తిరగబడ్డ దూబగుంట మనకి పక్కనే ఉంది. సారా కొట్లు మూయించిన ఆడోళ్లకి కుండ లెక్క రాదా?

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మొదటి సేరు యానాది గుడిసెకి పోవాల!

జై భీమ్!