మెస్సు లెక్క అడగడమూ చదువే

కూలి చేసి పిల్లల్ని యూనివర్సిటీకి పంపే మన తల్లిదండ్రులు చెప్పే మాట ఒకటే: "సంఘాలు గింఘాలు అని తిరగకు, నీ చదువేదో నువ్వు చదువుకో." ఆ మాట వెనక ఉన్నది భయం. ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ హాస్టల్లో ఏం జరిగినా తల వంచుకుని ఉంటే చదువు సాగుతుందనుకోవడం మాత్రం భ్రమ.

ఇల్లు అద్దెకడిగితే ముందు కులం అడిగే పట్నంలో మన బిడ్డకు దొరికే నీడ హాస్టలే. ఇది పెద్దలకు ఎప్పుడో తెలుసు. అందుకే కొల్హాపూర్‌లో షాహూ మహారాజ్ హాస్టళ్లు పెట్టించాడు. బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి ఏడే షోలాపూర్‌లో హాస్టల్ తెరిపించాడు.

అయితే గది దొరికితే సరిపోదు. ఆ గది మీద, ఆ కంచం మీద పెత్తనం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద విచారించిన థోరట్ కమిటీ 2007లో ఏం చెప్పింది? వేధింపులు పడలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్లో ఒక పక్కకు చేరి బతకాల్సి వచ్చిందని చెప్పింది. డాక్టర్లు తయారయ్యే చోట కూడా ఊరు వేరు, వాడ వేరు అయ్యాయన్నమాట!

ఇక మన హైదరాబాద్ సంగతి చూడండి. సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2002లో మెస్సు వ్యవహారాల మీద చీఫ్ వార్డెన్‌తో గొడవ వచ్చినప్పుడు 10 మంది దళిత విద్యార్థులను యూనివర్సిటీ నుంచే గెంటేశారు. 2015 డిసెంబర్‌లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టారు. ఆ ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది: విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనకూడదని. గదినీ ఓటునూ ఒకే కాగితంతో లాక్కున్నారు. ఆ పిల్లలు ఆరుబయట పడుకుని, ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం.

హాస్టల్ నాయకత్వం పనికిమాలిన విషయమే అయితే దాన్ని చూసి పెత్తందార్లకు అంత భయమెందుకు?

అందుకని విద్యార్థులకు మా మాట ఇది. చాలా యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి సంఘం ఎన్నికలే లేవు. అయినా మెస్సు కమిటీ ఉంటే అందులోకి వెళ్లండి, లేకపోతే కావాలని అడగండి. బియ్యం ఎన్ని బస్తాలు దిగాయి, పప్పు ఏ ధరకు కొన్నారు, నెలకు తలా ఎంత పడింది, స్టాకు రిజిస్టర్ మీద సంతకం ఎవరిది - ఇవి అడగడం నేర్చుకోండి. డివైడింగ్ మెస్సులో దొంగలెక్క రాస్తే ఆ బరువు స్కాలర్‌షిప్ మీదే బతికే పిల్లవాడి నెత్తిన పడుతుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్సు బకాయి కొండలా పెరుగుతుంది. అడిగింది ప్రతిదీ కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. నోటిమాటను రేపు గొడవ అంటారు, రాసిన అర్జీని అలా అనలేరు.

కాంట్రాక్టర్ దగ్గర టీ తాగి సంతకం పెట్టేవాడు నాయకుడు కాడు. పదవి ఒక్క కులంవాళ్ల దగ్గరే, మగపిల్లల దగ్గరే ఉండిపోకూడదు. మాల, మాదిగ, రెల్లి, ఆదివాసీ పిల్లలందరికీ వంతు రావాలి. చీకటి పడకముందే గేటు వేసి తాళం వేసే ఆడపిల్లల హాస్టల్లో ఏం కావాలో ఆ ఆడపిల్లలే చెప్పాలి.

ఊళ్లోని అన్నలకు, అక్కలకు, కార్యకర్తలకు ఒక విన్నపం. మీ వాడ నుంచి ఏ యూనివర్సిటీలో ఎవరు చదువుతున్నారో సంఘం పుస్తకంలో రాసుకోండి. నెలకొకసారైనా ఫోను చేసి తిండి ఎలా ఉందో, గది ఎలా ఉందో అడగండి. నోటీసు వచ్చిందంటే "నీకెందుకురా ఈ గొడవ" అని తిట్టొద్దు. నలుగురు కలిసి బయల్దేరి వార్డెన్ ఆఫీసు ముందు నిలబడండి. ఒంటరివాణ్ణి గెంటేయడం తేలిక. వెనక వాడంతా నిలబడ్డవాణ్ణి ముట్టుకోవాలంటే ఎవడైనా పదిసార్లు ఆలోచిస్తాడు.

జై భీమ్!