కిడ్నీలో కణితి.. రోబోనా, ల్యాపరోస్కోపీనా? బెంగళూరు బండెక్కే ముందు ఇది తెలుసుకోండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఈ మూడు ఊళ్లలో పెద్ద జబ్బు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది బెంగళూరే. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దూరం, మూడు ఊళ్లకూ రైలుంది. వేరే దేనికో స్కానింగ్ తీయిస్తే కిడ్నీలో కణితి బయటపడిన వాళ్లూ అటే వెళ్తారు. అక్కడ వినిపించే మాట రోబోటిక్ సర్జరీ. బిల్లు ల్యాపరోస్కోపీ కంటే ఎక్కువే. మరి ఆ అదనపు డబ్బుకు రోగికి దక్కేదేంటి?

ముందు ఒక అపోహ తీసేద్దాం. రోబో తనంతట తాను కోయదు. పక్కనే కన్సోల్ దగ్గర కూర్చుని సర్జనే దాని చేతులను ఆడిస్తారు. రెండింట్లోనూ చిన్న రంధ్రాలే. ల్యాపరోస్కోపీలో పరికరాలు నిటారుగా ఉంటాయి. రోబో పరికరాలు మణికట్టులా తిరుగుతాయి, లోపలి భాగం 3డీలో కనిపిస్తుంది.

ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే.. కిడ్నీని ఉంచి, కణితిని మాత్రమే తీసేటప్పుడు. అప్పుడు రక్తనాళానికి క్లాంప్ వేసి రక్తం ఆపాలి. కణితి కోయాలి, కుట్లు వేయాలి, క్లాంప్ తీయాలి. సుమారు 25 నిమిషాలు దాటితే కిడ్నీకి దెబ్బ తగిలే రిస్క్ పెరుగుతుంది. అంటే గడియారంతో పోటీ! కణితి లోతుగా, ప్రధాన రక్తనాళాల పక్కన ఉంటే ఇంకా కష్టం. కణితి ఎంత క్లిష్టమో చెప్పడానికి డాక్టర్లు 'రీనల్ స్కోర్' వాడతారు. 4 నుంచి 12 వరకు ఉంటుంది. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బాగా క్లిష్టం కిందే లెక్క.

ఇలాంటి కేసుల్లో క్లాంప్ టైమ్ తగ్గడం, మధ్యలో ఓపెన్ సర్జరీకి మారాల్సిన అవసరం తగ్గడం రోబోకు ప్లస్ అని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. క్యాన్సర్ అదుపులో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లకు ఆ కొన్ని నిమిషాలు చాలా విలువైనవి. లేదంటే రేపు డయాలసిస్ దాకా వెళ్లొచ్చు.

కిడ్నీ మొత్తం తీసేయాల్సి వస్తే కథ వేరు. అమెరికాలో 2003–2015 మధ్య సుమారు 24 వేల ఆపరేషన్లను పరిశీలించి 2017లో 'జామా' జర్నల్ ఒక అధ్యయనం ప్రచురించింది. పెద్ద కాంప్లికేషన్లలో తేడా లేదు. రోబోతో టైమూ, ఖర్చూ పెరిగాయి. అలాంటి కేసులో రోబో కోసం అప్పు చేయడం అవసరమా? మా లెక్కలో అయితే కాదు.

అసలు మెషీన్ కంటే దాన్ని నడిపే చేయి ముఖ్యం. వందల కేసులు చేసిన ల్యాపరోస్కోపీ సర్జన్, రోబో మీద కొత్తగా కూర్చున్న డాక్టర్ కంటే మేలు కావచ్చు. అందుకే మొహమాటపడకండి. 'సార్, నా కిడ్నీ మిగులుతుందా? స్కోర్ ఎంత? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?' అని అడిగేయండి.

ఇక డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. 2019 నవంబర్‌లో బెంగళూరులోని కొన్ని ఆస్పత్రులకూ దాన్ని విస్తరించారు. ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్యసేవ. మీరు వెళ్లే ఆస్పత్రి, మీ ఆపరేషన్ జాబితాలో ఉన్నాయో లేదో బయల్దేరే ముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో రోబోటిక్ సర్జరీకి విడిగా పరిమితి పెట్టారేమో చూడండి. ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం కంపెనీలు రోబోటిక్ సర్జరీని పూర్తిగా కాదనలేవు, కానీ ఇంతవరకే ఇస్తామని లిమిట్ పెట్టొచ్చు. మిగతాది మీ జేబులోంచే కట్టాలి.