చివరి ఊపిరి పక్కన నిలబడటం నేర్పించండి

భారత నర్సింగ్ మండలి అధ్యక్షుల వారికి,



నర్సింగ్ విద్యార్థులు సూది వేయడం ముందు బొమ్మ మీద నేర్చుకుంటారు. తొలి మరణాన్ని మాత్రం చాలామంది నేరుగా వార్డులోనే చూస్తారు. రోగి గొంతులో గురగుర మొదలవుతుంది. కూతురు గ్లాసుతో నీళ్లు పట్టబోతుంది. పొలమారుతుందనీ, తడి దూదితో పెదాలు తడిపితే చాలనీ మెల్లగా చెప్పాల్సింది నర్సే.

ఈ పని నర్సులకు పరాయిది కాదు. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా శిక్షణ పొందినవారే. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సంరక్షణ) విధానం ప్రకటించింది. అక్కడ నర్సులు మంచాన పడ్డవారి ఇళ్లకే వెళ్తారు.

విన్నపం ఒక్కటే. ప్రతి విద్యార్థినీ కొన్నాళ్లు అలాంటి ఇళ్లకు, హాస్పిస్‌లకు పంపండి. నొప్పిని అంచనా వేయడం, కుటుంబంతో మాట్లాడటం, పార్థివదేహాన్ని గౌరవంగా సిద్ధం చేయడం ప్రాక్టికల్ పరీక్షలో చేర్చండి. తొలి మరణం చూసిన రోజు డ్యూటీ దిగాక, ఆ విద్యార్థి పక్కన టీచరు కాసేపు కూర్చునేలా నిబంధన పెట్టండి.

ఇట్లు,
నర్సింగ్ విద్య మేలు కోరే ఒక పౌరుడు