ఎరువుకు రెండర్థాలు

పిల్లలూ, తెలుగులో 'ఎరువు' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి మీకు తెలిసిందే, మొక్కకు వేసేది. రెండోది, వాడుకుని తిరిగి ఇచ్చేద్దామని ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నది. పెళ్ళికి పక్కింటివారి హారం పెట్టుకుని వెళితే అది ఎరువు సొమ్ము. మన బడి తోట గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండర్థాల మధ్యే ఉంది.

మొన్న తోటపని పీరియడ్‌లో ఏడో తరగతి అబ్బాయి ఒకడు బకెట్ కింద పెట్టి అడిగాడు: "మేడమ్, మార్చిలో నాన్నగారికి ట్రాన్స్‌ఫర్. నేను వెళ్ళిపోతాను కదా, ఈ చెట్టుకి ఎరువు వేస్తే నాకేం లాభం?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్వార్టర్ ముందు నాలుగు గులాబీ కుండీలు పెట్టుకున్నాను. ఆ ఊళ్ళో ఎక్కువ కాలం ఉండనని తెలుసు. వెళ్ళేలోగా పూలు చూడాలని ఒక్కో కుండీలో గుప్పెడు యూరియా వేశాను. వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయాయి. రెండు మొక్కలు చచ్చిపోయాయి. బతికిన రెండూ ఏపుగా ఆకులు వేశాయి గాని పూలు పూయలేదు.

కారణం తర్వాత తెలుసుకున్నాను. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అది ఆకును పెంచుతుంది. మోతాదు మించితే మొక్క ఆకుల మీదే బలం పెట్టి పూత మానేస్తుంది. కుండీలాంటి చిన్న చోట ఎక్కువగా వేస్తే మట్టిలో లవణాలు పెరిగి, వేరు నీళ్ళు పీల్చుకోవడానికి బదులు వేరులోని నీళ్ళే బయటికి పోతాయి. యూరియా చెడ్డదని నేననను. రైతు ఎకరానికి ఎంతో లెక్క చూసుకుని, దఫదఫాలుగా వేస్తాడు. నేను లెక్క లేకుండా, తొందరపడి వేశాను. ఆ తొందర, వెళ్ళిపోయేవాళ్ళకు ఉండే తొందర.

ఇంకో సంగతి. ఎరువు మొక్కకు అన్నం కాదు. తన అన్నం తానే, ఆకుల్లో, ఎండతో, గాలితో, నీళ్ళతో మొక్క వండుకుంటుంది. మట్టినుంచి దానికి కావలసినవి నత్రజని, భాస్వరం, పొటాష్, ఇంకా కొద్దికొద్దిగా ఇనుము, జింకు వంటివి. అవి వేరుకు అందేలా చూడటం మట్టి పని. కాబట్టి మనం తిండి పెట్టవలసింది మొక్కకు కాదు, మట్టికి. ఇదే నా అభిప్రాయం.

బదిలీలు నాకు నేర్పిన పాఠం కూడా ఇదే. జోధ్‌పూర్ ఇసుక నేలలో పోసిన నీళ్ళూ వేసిన ఎరువూ కిందికి జారిపోతాయి. అక్కడి క్షార గుణం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందక, ఈనెలు పచ్చగా ఉండగానే లేత ఆకులు పసుపెక్కుతాయి. సిల్చర్‌లో కుండపోత వానలు పోషకాలను కడిగేస్తాయి, నేల పుల్లబడుతుంది. అక్కడ ముందు సున్నం చల్లాలి. నాగపూర్ నల్లరేగడిలో సారం ఉంటుంది, కాని వానాకాలం నీళ్ళు నిలిచి వేళ్ళకు ఊపిరాడదు. మూడు చోట్లా జబ్బు వేరు. అయినా మూడింటికీ పనికొచ్చేది ఒకటుంది, బాగా మాగిన కంపోస్టు. ఇసుకలో అది తడిని పట్టి ఉంచుతుంది, రేగడిని గుల్ల చేస్తుంది, వానకు కొట్టుకుపోయే సారాన్ని కొంతైనా ఆపుతుంది.

కంపోస్టు చేసే పద్ధతుల్లో పేరున్న ఒకటి మన ఇండోర్‌లోనే రూపుదిద్దుకుంది. 1905లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్ బీహార్‌లోని పూసాలో పనిచేసి, 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో ఉన్నారు. ఆయనా ఊళ్ళు మారిన ఉద్యోగే. ఇక్కడి రైతులనే గురువులుగా చెప్పుకున్నారు. చెత్త, పేడ, కాస్త మట్టి, బూడిద వరసలుగా పేర్చి, మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువవుతుందని చూపించారు. ఆయన వెళ్ళిపోయారు, ఇండోర్ పద్ధతి ఉండిపోయింది.

మరి మనమేం చేస్తున్నాం? ఆకులు రాలే కాలంలో మైదానం ఊడ్చి, కుప్పపోసి, అగ్గిపెట్టి తగలబెడుతున్నాం. నత్రజని పొగలో పోతుంది, మిగిలేది కాస్త బూడిద. తర్వాత బజారుకెళ్ళి ఎరువు బస్తా కొంటున్నాం. ఇది నాకు నచ్చలేదు. బడిలో ఆకులు కాల్చడం ఆపాలి. వెనక గోడ దగ్గర రెండు గోతులు తవ్వుకుందాం. జానెడు ఎండుటాకులు, పైన వంటింటి తొక్కలు, ఆపైన పలచగా పేడనీళ్ళు, మట్టి. ఉప్పు, నూనె తగిలిన అన్నం కూరలు వద్దు. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి గాని నీళ్ళు కారకూడదు. పదిహేను రోజులకోసారి తిరగేయాలి. నల్లగా మారి, తొలకరి వాసన వస్తే సిద్ధమైనట్టే. చలి ప్రాంతాల్లో ఇంకొంచెం ఆలస్యమవుతుంది. కుండీకి నెలకు రెండు గుప్పెళ్ళు చాలు. చెట్టుకైతే కాండానికి ఆనించకుండా, కొమ్మల నీడ అంచున చుట్టూ వేసి నీళ్ళు పోయండి. నీళ్ళూ సారమూ పీల్చే సన్నవేళ్ళు ఎక్కువగా ఉండేది అటువైపే.

క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, కుళాయిలు లెక్కపెట్టి సంతకం పెట్టించుకుంటారు, మీరు చూసే ఉంటారు. ఆ జాబితాలో మట్టి ఉండదు. కాని నేనిప్పుడున్న క్వార్టర్ పెరట్లో కరివేపాకు చెట్టు ఉంది. ఎవరు నాటారో తెలియదు. ఎన్ని ఇళ్ళవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళూ పుల్ల మజ్జిగా పోసి పెంచారో తెలియదు. సామాన్లు విప్పకముందే, మొదటి రోజు చారులోకి ఆ చెట్టు ఆకే దూశాను. అది నాకు ఎరువు తెచ్చుకున్నట్టే. తిరిగి ఇవ్వాలి. ఎవరికివ్వాలి? తీసుకున్నవాళ్ళు ఇక్కడ లేరు గనుక, రాబోయేవాళ్ళకు.

అందుకే ఆ అబ్బాయికి నా జవాబు ఇది. నీకు లాభం ముందే వచ్చింది నాయనా, ఈ బడిలో నువ్వు కూర్చున్న ప్రతి నీడ కిందా. మార్చి లోపల మూడు నెలలున్నాయి, ఒక గొయ్యి మాగడానికి సరిగ్గా సరిపోతాయి. శనివారం పార పట్టుకుని రా.