సొరచేప మన సాక్షి కాదు



"మగతోడు లేకుండా సొరచేప పిల్లను కన్నది, కన్య మరియ సంగతి రుజువైంది" అని కొందరు బోధకులు వేదికల మీద చెప్తున్నారు. ఈ బోధను మేము ఒప్పుకోము.

చేప సంగతి నిజమే. 2001లో అమెరికాలోని ఒమాహా జంతుశాలలో, ఆడ సొరచేపలు మాత్రమే ఉన్న తొట్టిలో ఒక పిల్ల పుట్టింది. దానిలో తండ్రి డీఎన్ఏ ఏమాత్రం లేదని 2007లో పరిశోధకులు తేల్చారు.

అయితే ఆ పిల్ల ఆడది. తల్లిలో లేనిది పిల్లకు రాదు గదా! మరియ కన్నది కుమారుని. పైగా పాలిచ్చే జీవుల్లో కొన్ని జన్యువులు తండ్రి నుండి వస్తేనే పనిచేస్తాయి. అందుకే వాటిలో ఇలాంటి పుట్టుక సహజంగా జరగదు.

రేపు కాలేజీలో మన బిడ్డను ఎవరైనా "మరి మగబిడ్డ ఎలా?" అని అడిగితే, చేపమీద కట్టిన విశ్వాసం ఆ పూటే కూలుతుంది. అసలు చేపకు జరిగేదే మరియకూ జరిగితే, గబ్రియేలు దూత రావడం ఎందుకు? దానిని సూచకక్రియ అనడం ఎందుకు?

సొరచేపను చూసి సృష్టికర్తను స్తుతిద్దాం. మరియ విషయంలో లూకా సాక్ష్యమే మనకు చాలు. ఆమేన్.